రాత్రి నిద్రలోనే ఏఫిబ్ (గుండె పైగదులు, అంటే కర్ణికలు, లయ తప్పి అదరడం) మొదలవుతోంది, బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) ఇచ్చాక ఇంకా ఎక్కువైంది. వేగస్ పనేనా?

నాడిపట్టు

ఓపీలో చూస్తున్న ఒక కేసు. మగ మనిషి, 44 ఏళ్లు, 72 కిలోలు. బీపీ, షుగర్ లేవు. హాఫ్ మారథాన్లు పరిగెత్తే అలవాటు, కూర్చుని ఉంటే నాడి 48. ఎకో నార్మల్: ఎడమ కర్ణిక 36 మి.మీ., మైట్రల్ కవాటం శుభ్రం, ఈఎఫ్ (గుండె ఒక్కో బీటుకు బయటికి పంపే రక్తం వాటా) 62 శాతం. థైరాయిడ్, పొటాషియం సరిగానే ఉన్నాయి. టీఎంటీ (ట్రెడ్‌మిల్ పరీక్ష) నెగెటివ్.

దడ వస్తే రాత్రి భోజనం చేశాక వస్తుంది, లేదా అర్ధరాత్రి దాటాక. పరుగులో ఉండగా ఒక్కసారీ రాలేదు. హోల్టర్‌లో (రోజంతా ఒంటికి తగిలించి ఉంచే ఈసీజీ) దొరికింది కూడా అలాగే ఉంది: రాత్రి 1:40కి ఏఫిబ్ మొదలు. దానికి ముందు పది నిమిషాలపాటు సైనస్ రేటు (మామూలు లయలో గుండె వేగం) 42-44, మధ్యమధ్యలో కర్ణిక ఎక్టోపిక్స్ (వేళ కాని వేళ వచ్చే బీట్లు). పొద్దున లేచి అటూ ఇటూ తిరిగాక 6 గంటలకల్లా దానంతటదే ఆగిపోయింది. వేరేచోట మెటోప్రొలాల్ సక్సినేట్ (ఇదే ఆ బీటా బ్లాకర్) 50 మి.గ్రా. రాత్రిపూట వేసుకోమన్నారు. అప్పటిదాకా వారానికి ఒకసారి వచ్చేది రెండు మూడుసార్లకు పెరిగింది. ఇంట్లోవాళ్లు గ్యాస్ అంటున్నారు.

అడగాలనుకున్నవి మూడు. బీటా బ్లాకరే ఎక్కువ చేసిందా? గుండెను నెమ్మది చేసే వేగస్ నాడి ఏఫిబ్‌ను ఎలా రేపుతుంది? ఎస్‌వీటీ (గుండె పైభాగంనుంచి ఉన్నట్టుండి వచ్చే వేగమైన, లయ తప్పని దడ) వస్తే వేగస్‌ను రెచ్చగొట్టే కదా దడ ఆపుతాం, మరి ఇక్కడ అదే దోషి ఎలా అయింది?

లయతాళం

రెండోది తేలితే మొదటిదీ తేలిపోతుంది, అక్కడినుంచే వస్తాను.

వేగస్ కొసల్లోంచి వచ్చే ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి పని మారుతుంది. ఎస్‌ఏ నోడ్ (గుండె లయను మొదలుపెట్టే చోటు) మీద పడితే రేటు తగ్గుతుంది, ఏవీ నోడ్ (కర్ణికలకూ జఠరికలకూ మధ్య గేటు) మీద పడితే కింది జఠరికలకు సంకేతం ఆలస్యంగా చేరుతుంది. 1921లో ఓటో లోవీ కప్ప గుండెలతో చూపించింది ఈ నెమ్మదించడాన్నే. కర్ణిక కండరం మీద పడితే మాత్రం వేరే సంగతి. అక్కడ ఎం2 రిసెప్టర్ ద్వారా ఒక ప్రత్యేకమైన పొటాషియం చానెల్ తెరుచుకుంటుంది. పొటాషియం తొందరగా బయటికి పోయేసరికి యాక్షన్ పొటెన్షియల్ (కణంలో ఒక్కో విద్యుత్ స్పందన) కురచవుతుంది, దాంతోపాటే రిఫ్రాక్టరీ కాలమూ (కణం మళ్లీ రాజుకోలేని విరామం) తగ్గుతుంది. కణం ముందుకంటే త్వరగా మళ్లీ రాజుకోవడానికి సిద్ధమైపోతుంది.

లెక్క వేస్తే ఇది ఎంత తేడానో అర్థమవుతుంది. ఒక తరంగం తన తోక తనకు తగలకుండా చుట్టూ తిరగాలంటే కావలసిన దారి పొడవు వేగాన్ని రిఫ్రాక్టరీ కాలంతో గుణిస్తే వస్తుంది. వేగం సెకనుకు 80 సెం.మీ., రిఫ్రాక్టరీ కాలం 220 మిల్లీసెకన్లు అనుకుందాం: దాదాపు 17-18 సెం.మీ. దారి కావాలి. మామూలు సైజు కర్ణికలో అంత చోటు దొరకడం కష్టం. అదే 120 మిల్లీసెకన్లకు పడిపోతే 10 సెం.మీ. లోపే సరిపోతుంది. అప్పుడు ఒకటి కాదు, రెండు మూడు చుట్లు ఒకేసారి తిరగగలవు. పైగా వేగస్ కొసలు కర్ణిక అంతటా సమానంగా పరుచుకుని ఉండవు. ఒకచోట బాగా కురచై, పక్కనే ఉన్న కండరం మామూలుగా ఉంటుంది. తరంగం ఒకవైపు ఆగి ఇంకోవైపునుంచి తిరిగి రావడానికి కావలసింది ఈ ఎగుడుదిగుడే.

ఇది నేల మాత్రమే. నిప్పురవ్వ ఎక్కువగా పల్మనరీ సిరల నోళ్ల దగ్గర పుడుతుంది (1998లో బోర్డోలో హైసగేర్ బృందం చూపించింది). ఆ సిరల చుట్టూ గుండె పైపొరలోని కొవ్వులో చిన్న చిన్న నాడీ ముడులు, గాంగ్లియాలు, ఉంటాయి. వాటిలో వేగస్ పోగులూ, దానికి ఎదురుగా గుండెను వేగం చేసే సింపథెటిక్ పోగులూ కలిసే ఉంటాయి. రెండూ ఒకేసారి కదిలితే ఏమవుతుందో చూడండి: సింపథెటిక్ పోగులు వదిలే నార్‌అడ్రినలిన్ కణం లోపల కాల్షియం పెంచుతుంది, ఎసిటైల్ కోలిన్ యాక్షన్ పొటెన్షియల్‌ను కత్తిరిస్తుంది. విద్యుత్తు పని ముగిసినా కాల్షియం ఇంకా దిగలేదు. దాన్ని బయటికి నెట్టే సోడియం-కాల్షియం ఎక్స్చేంజర్ ఒక్కో కాల్షియంకు మూడు సోడియంలను లోపలికి తెస్తుంది, అంటే లోపలికి కరెంటు. అది సరిపోయినంత ఉంటే వేళ కాని వేళ ఇంకో బీటు పుడుతుంది. జంతువుల సిరల మీద చేసిన ప్రయోగాల్లో ఇది బాగా కనబడింది. అందుకే 'వేగస్ ఒక్కటే చేసింది' అనడంకన్నా వేగస్ నేలను సిద్ధం చేసిందనడం నాకు సరిగ్గా తోస్తుంది.

ఇక బీటా బ్లాకర్. సింపథెటిక్ వైపు తూకం తగ్గిస్తే వేగస్ వైపు దానంతటదే మొగ్గుతుంది. రాత్రి 42 ఉన్న రేటును ఇంకా తగ్గిస్తే కర్ణిక ఎక్టోపిక్స్‌కు మధ్యలో దూరే వ్యవధి కూడా పెరుగుతుంది. డిగాక్సిన్ ఇంకా చెడ్డది, అది నేరుగా వేగస్‌ను పెంచుతుంది. పచ్చగన్నేరు గింజలు మింగిన కేసుల్లో నాడి 40కి పడిపోయి ఏవీ బ్లాక్ రావడం మన క్యాజువాలిటీల్లో చూసేదే కదా, అదే కుటుంబపు విషం.

హోల్టర్‌గది

రిపోర్టులో 'పరాక్సిస్మల్ ఏఎఫ్, మొత్తం 4 గంటల 20 నిమిషాలు' (అంటే వచ్చి దానంతటదే పోయే ఏఫిబ్) అని ఒక్క ముక్క చూసి పక్కన పెట్టేస్తే అసలు సమాచారం పోయినట్టే. మొదలైన చోటుకి వెళ్లి, అక్కడికి ముందు 15 నిమిషాల పూర్తి స్ట్రిప్ తీయించండి. రేటు మెల్లగా దిగుతూ వచ్చి ఏఫిబ్‌లోకి జారిందా, లేక దిగి ఉన్న రేటు ఉన్నట్టుండి 70-80కి ఎగబాకి, వెంటనే ఏఫిబ్ మొదలైందా? రెండోది కనబడితే గురకను, నిద్రలో శ్వాస ఆగిపోవడాన్ని (స్లీప్ ఆప్నియా) అనుమానించండి. శ్వాస ఆగినంతసేపూ వేగస్ పైచేయిలో ఉండి రేటు పడుతుంది. మెలకువ వచ్చి ఊపిరి అందిన క్షణాన సింపథెటిక్ ఒక్కసారిగా లేస్తుంది. మూసుకున్న గొంతుకు ఎదురుగా గాలి లాగే ప్రయత్నంలో ఛాతీలోపల పీడనం బాగా పడిపోయి కర్ణిక గోడ సాగుతుంది కూడా. హోల్టర్‌లో రేటు ట్రెండు రాత్రంతా రంపం పళ్లలా పైకీ కిందికీ కనబడితే, నిమిషం నిమిషంన్నరకోసారి తిరిగి వస్తుంటే, స్లీప్ స్టడీ రాయకుండా ఉండకండి. సన్నగా ఉన్నాడు, పరుగులు పెడతాడు కాబట్టి స్లీప్ ఆప్నియా ఉండదనుకోవడం తప్పు. మెడ చుట్టుకొలత, దవడ వెనక్కి ఉండటం కూడా చూడాలి.

డైరీ ఎలా రాయించాలో పేషెంటుకు ఎవరూ సరిగ్గా చెప్పరు. 'దడ వచ్చింది' అని రాస్తే ఉపయోగం లేదు. వచ్చిన టైము, అంతకు ముందు రెండు గంటల్లో ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, మద్యం తాగాడా, ఏ పక్కకు తిరిగి పడుకున్నాడు, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్లు గటగటా తాగాడా, ఎలా ఆగింది. అన్నవాహిక ఎడమ కర్ణికకు సరిగ్గా వెనకాలే ఉంటుంది. చల్లటిది మింగగానే దడ మొదలయ్యేవాళ్లు నిజంగానే ఉన్నారు. 'గ్యాస్' అన్న ఇంట్లోవాళ్లను అంత తేలిగ్గా తీసెయ్యకండి, పొట్ట ఉబ్బడం వేగస్ ద్వారా గుండెను కదిలించగలదు. కాకపోతే గ్యాస్ మాత్రతో ఏఫిబ్ పోదు.

24 గంటల హోల్టర్‌లో దొరకడం ఈయన అదృష్టం. వారానికి ఒకటి రెండుసార్లు వచ్చేవాళ్లకు 7 నుంచి 14 రోజుల ప్యాచ్ పెట్టడం నయం.

ఈపీల్యాబ్

పైన చెప్పినదాంట్లో తప్పేం లేదు. కానీ 'వేగల్ ఏఫిబ్' అన్న ముద్ర మన దగ్గర కాస్త చౌకగా దొరుకుతోంది. పారిస్‌లో కూమెల్ 1970ల చివర్లో వర్ణించిన రోగులు వీళ్లే: నడివయసు మగవాళ్లు, గుండె నిర్మాణం మామూలు, రాత్రి లేదా భోజనం తర్వాత మొదలు, కసరత్తులో ఎప్పుడూ రాదు. మీ కేసు ఆ వర్ణనకు బాగా సరిపోతోంది, ఒప్పుకుంటాను. కానీ యూరో హార్ట్ సర్వేలో, 2008 విశ్లేషణ ప్రకారం, పరాక్సిస్మల్ ఏఫిబ్‌లో శుద్ధ వేగల్ రకం 6 శాతం, అడ్రినర్జిక్ (సింపథెటిక్ వల్ల వచ్చేది) 15, రెండూ కలిసినవి 12. మిగతావాళ్లకు ఏ తీరూ లేదు. 2002లో వచ్చిన ఒక హోల్టర్ అధ్యయనంలో అయితే, ఏఫిబ్ మొదలయ్యే ముందు సింపథెటిక్ పెరుగుతూ వచ్చి, చివరి నిమిషాల్లో చటుక్కున వేగస్ వైపు ఒరిగినట్టు కనబడింది. కాబట్టి రాత్రి వచ్చిన ప్రతిదానికీ వేగస్ అనే పేరు పెట్టకూడదు.

ఇంకో మాట. ఈయనకు ఎకోలో కవాటం శుభ్రంగా ఉందని రాశారు, మంచిది. మన దగ్గర చిన్న వయసులో ఏఫిబ్ అంటే వేగస్ కంటే ముందు రుమాటిక్ మైట్రల్ స్టెనోసిస్ (రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం ఇరుకవడం) గుర్తుకు రావాలి. దాన్ని వదిలేసి నాడీ వ్యవస్థ గురించి మాట్లాడుకోవడం ప్రమాదం. ఆ రోగులకు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు కూడా వేరు: 2022 ఇన్విక్టస్ ట్రయల్ తర్వాత వార్ఫరిన్ లాంటి పాత మందే నయమని స్థిరపడింది.

క్యాజువాలిటీ_డ్యూటీ

మూడో ప్రశ్నకు నేను చెబుతాను. ఎస్‌వీటీలో (ఏవీఎన్ఆర్‌టీ, ఏవీఆర్‌టీ అనే రకాల్లో) తరంగం తిరిగే చుట్టులో ఏవీ నోడ్ ఒక లంకె. వేగస్‌ను రెచ్చగొడితే ఆ లంకె క్షణకాలం తెగుతుంది, చుట్టు అక్కడికక్కడే చస్తుంది. ఏఫిబ్‌లో చుట్లన్నీ కర్ణికలోనే ఉన్నాయి, ఏవీ నోడ్ కింద ఉన్న గేటు మాత్రమే. వేగస్ పెంచితే గేటు కాస్త మూసుకుని జఠరికల రేటు కొద్దిసేపు తగ్గుతుంది, పైన గోల ఆగదు. పైగా లయతాళం గారు చెప్పిన కారణాన కర్ణికలో అది స్థిరపడటానికే సాయపడొచ్చు. అందుకే ఏఫిబ్ రోగికి 'ముక్కు మూసుకుని ముక్కండి' అని చెప్పి పంపడం దండగ.

ఎస్‌వీటీకి వల్సాల్వా (ఊపిరి బిగబట్టి ముక్కడం) చేయించేటప్పుడు సగం మంది తప్పు చేయిస్తారు కాబట్టి సరైన పద్ధతి, 2015 రివర్ట్ ట్రయల్‌లో చేసినట్టు: రోగిని వీపు 45 డిగ్రీలు ఎత్తి కూర్చోబెట్టండి. 40 ఎంఎంహెచ్‌జీ పీడనంతో 15 సెకన్లు ఊదించండి. మానోమీటర్ లేకపోతే 10 ఎంఎల్ సిరంజిలో ప్లంజర్ కదిలేంత గట్టిగా ఊదితే దాదాపు అంతే. ఊదడం ఆపిన వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి, రెండు కాళ్లూ 45 డిగ్రీలు పైకెత్తి 15 సెకన్లు పట్టుకోండి. మళ్లీ కూర్చోబెట్టి 45 సెకన్ల తర్వాత మానిటర్ చూడండి. ఇలా చేస్తే 43 శాతం మందికి సైనస్ వచ్చింది, కాళ్లు ఎత్తని పాత పద్ధతిలో 17 శాతమే. అసలు పని ఊదేటప్పుడు జరగదు, వదిలిన తర్వాత రక్తం ఒక్కసారి గుండెకు చేరి బీపీ ఎగసినప్పుడు జరుగుతుంది. అప్పుడే బారోరిసెప్టర్లు (రక్తనాళాల్లో పీడనాన్ని పసిగట్టేవి) వేగస్‌ను రెచ్చగొట్టేది. కాళ్లు ఎత్తడం అందుకే. ఆలస్యంగా పడుకోబెడితే ఆ క్షణం దాటిపోతుంది.

మెడ నొక్కడం (కరోటిడ్ ధమని దగ్గర నొక్కి వేగస్‌ను రెచ్చగొట్టడం): ముందు స్టెత్ పెట్టి రెండువైపులా బ్రూయి (ధమనిలో రొద) లేదని చూడకుండా ముట్టుకోవద్దు. గత మూడు నెలల్లో స్ట్రోక్, టీఐఏ (కాసేపట్లో తగ్గిపోయే స్ట్రోక్) ఉంటే వద్దు. ఒకేసారి రెండువైపులా అసలే వద్దు.

నాడిపట్టు

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ థాంక్స్. బీటా బ్లాకర్ ఆపేస్తే మరి ఏమివ్వాలి? ఫ్లెకనైడ్ (లయను సరిచేసే మాత్ర) దగ్గర పెట్టుకుని వచ్చినప్పుడు వేసుకోమనొచ్చా? రేటు రాత్రి 42 కదా, ఏవీ నోడ్‌కు మందు లేకుండా ఫ్లెకనైడ్ ఇవ్వొద్దంటారు, అక్కడే చిక్కు.

ఈపీల్యాబ్

చిక్కు సరిగ్గానే పట్టుకున్నారు. ముందు వివరం.

ఫ్లెకనైడ్ కర్ణికలో సంకేతం వేగం తగ్గిస్తుంది. ఏఫిబ్ ఒక్కోసారి ఆగకుండా ఫ్లట్టర్‌గా (కర్ణికలు క్రమం తప్పకుండా చాలా వేగంగా కొట్టుకునే లయ) మారుతుంది. మామూలు ఫ్లట్టర్ నిమిషానికి 300, ఏవీ నోడ్ రెండింటికొకటే పంపుతుంది, జఠరికలు 150. ఫ్లెకనైడ్ మీద ఆ ఫ్లట్టర్ 200కి నెమ్మదిస్తే, ఏవీ నోడ్‌కు ప్రతిదాన్నీ పంపే తీరిక దొరుకుతుంది. జఠరికలు 200తో కొట్టుకుంటాయి, క్యూఆర్‌ఎస్ (ఈసీజీలో జఠరికల గీత) వెడల్పవుతుంది, ఈసీజీ అచ్చం వీటీలా (జఠరికల్లోనే పుట్టే ప్రమాదకరమైన దడ) కనబడుతుంది. అందుకే మాత్రకు అరగంట ముందు ఏవీ నోడ్‌ను ఆపే మందు ఒక డోసు. ఇది ఆ రాత్రికి ఒక్క డోసు, రోజూ వేసుకునేది కాదు. ఏఫిబ్ నడుస్తున్నప్పుడు జఠరికల రేటు 110-120 ఉంటుంది కాబట్టి అప్పుడు గుండె దాన్ని భరిస్తుంది. మీ భయం సైనస్‌లోకి తిరిగొచ్చిన క్షణం గురించి ఉండాలి: అలసిన ఎస్‌ఏ నోడ్ మూడు నాలుగు సెకన్లు పలక్కపోవచ్చు, రోగి కళ్లు తిరిగి పడొచ్చు. కాబట్టి మొదటి డోసు వార్డులో మానిటర్ మీదే, కనీసం ఆరు గంటలు చూడాలి. అక్కడ పాజ్‌లు గానీ, క్యూఆర్‌ఎస్ పెరగడం గానీ కనబడితే ఇంటికి ఈ పద్ధతి ఇవ్వొద్దు. డోసు 70 కిలోలు, ఆపైన 300 మి.గ్రా., అంతకు తక్కువైతే 200. ఈయన 72, అంచు మీద ఉన్నాడు. తూకం మళ్లీ ఒకసారి వేయించండి. 24 గంటల్లో రెండోసారి వేసుకోకూడదు. గుండెపోటు వచ్చినవాళ్లకు, ఈఎఫ్ తగ్గినవాళ్లకు ఫ్లెకనైడ్ నిషిద్ధం, 1989 క్యాస్ట్ ట్రయల్ నేర్పిన పాఠం అది.

డైసోపిరమైడ్‌కు ఎసిటైల్ కోలిన్‌ను అడ్డుకునే గుణం ఉండటంతో పుస్తకాల్లో వేగల్ ఏఫిబ్‌కు అదే రాసి ఉంటుంది. నోరెండిపోవడం, మూత్రం బిగుసుకోవడం వల్ల చాలామంది మానేస్తారు. ప్రోస్టేట్, గ్లాకోమా ఉంటే వద్దు.

మందులకన్నా ముందు ఇవి చేయించి చూడండి: రాత్రి భోజనం పడుకోవడానికి మూడు గంటల ముందు, పొట్ట నిండా కాకుండా. మద్యం తాగేవాడైతే పూర్తిగా మానెయ్యాలి. ఆస్ట్రేలియాలో జరిగి 2020లో వెలువడిన ట్రయల్‌లో మానేసినవాళ్లలో 53 శాతానికి, తాగుతూనే ఉన్నవాళ్లలో 73 శాతానికి ఏఫిబ్ తిరగబెట్టింది. పరుగు మోతాదు కొన్ని నెలలపాటు సగానికి దించి చూడొచ్చు. దానికి చాలామంది ఒప్పుకోరు, తెలుసు.

ఇవన్నీ అయ్యాక కూడా వస్తుంటే అబ్లేషన్ (కండరంలో చిన్న చోట్లను కాల్చి చెడు సంకేతాలను ఆపడం). పల్మనరీ సిరలను వేరుచేసేటప్పుడు పక్కనున్న గాంగ్లియాలకూ కొంత వేడి తగులుతుంది, అందుకే రేడియోఫ్రీక్వెన్సీ తర్వాత విశ్రాంతి రేటు కొన్ని నెలలు పెరిగి ఉంటుంది. ఈయనకు 48 కాస్తా 60 అయితే అది దుష్ఫలితం అనుకుని బీటా బ్లాకర్ మళ్లీ మొదలుపెట్టొద్దు. గాంగ్లియాలనే వెతికి కాల్చితే మేలని ఒకప్పుడు ఆశ ఉండేది. 2016లో అఫాక్ట్ ట్రయల్‌లో సర్జరీతోపాటు అది కూడా చేస్తే లాభం కనబడలేదు, రక్తస్రావం, పేస్‌మేకర్ అవసరం పెరిగాయి. విచిత్రం ఏమిటంటే వేగస్‌ను బాగా తక్కువ మోతాదులో, చెవి ట్రేగస్ దగ్గర క్లిప్ పెట్టి రోజుకో గంట ప్రేరేపిస్తే ఏఫిబ్ తగ్గిందని 2020లో ఒక చిన్న ట్రయల్ చెప్పింది. యాభై మందికి కాస్త పైగా ఉన్న అధ్యయనం, కాబట్టి ఇప్పుడే క్లిప్పులు కొనిపించకండి.

స్ట్రోక్ లెక్క మాత్రం వేగస్‌తో మారదు. ఈయన స్కోరు సున్నా, రక్తం పలచబరిచే మందు రోజూ అక్కర్లేదు. రేపు బీపీ వస్తే మళ్లీ లెక్కపెట్టాలి.

పిల్లలగుండె

ఒక హెచ్చరిక. ఈ థ్రెడ్ చదివి 'బీటా బ్లాకర్ చెడు చేస్తుంది' అని ఎవరూ ఆపేయొద్దు. కర్ణికకు వేగస్ ఎంత ముఖ్యమో జఠరికలకు సింపథెటిక్ అంత ముఖ్యం, అక్కడ కథ తిరగబడుతుంది. ఈత కొడుతూ పడిపోయిన పిల్లవాడు లాంగ్ క్యూటీ (పుట్టుకతో వచ్చే ప్రమాదకరమైన లయదోషం) ఒకటో రకం కావచ్చు. అలారం మోగగానే, ఫోన్ రింగవగానే స్పృహ తప్పితే రెండో రకం. పరిగెత్తుతూ పడిపోయి, ఈసీజీ, ఎకో రెండూ నార్మల్ వస్తే సీపీవీటీ (కసరత్తులో జఠరికల దడ తెచ్చే జన్యుదోషం) అనుకుని ట్రెడ్‌మిల్ ఎక్కించాలి. ఎక్టోపిక్స్ పెరిగి, క్యూఆర్‌ఎస్ ఒకసారి పైకి ఒకసారి కిందికి తిరుగుతూ కనబడుతుంది. వీళ్లలో చాలామంది ఫిట్స్ మందుల మీద ఏళ్లు గడుపుతారు. వీళ్లకు బీటా బ్లాకరే ప్రాణం. నాడొలాల్ మొదటి ఎంపిక, దొరక్కపోతే ప్రొప్రనొలాల్. ఒక్కరోజు డోసు తప్పినా ప్రమాదమే. నిద్రలో పడేవి మూడో రకం లాంగ్ క్యూటీ, బ్రుగాడా (ఇంకో జన్యు లయదోషం). బ్రుగాడా ఉన్నవాళ్లకు జ్వరం వస్తే పారాసెటమాల్ వెంటనే.

నాడిపట్టు

గుర్తుంచుకుంటాను. మెటోప్రొలాల్ రెండు వారాల్లో తగ్గిస్తూ ఆపుతాను, స్లీప్ స్టడీ రాశాను. చివరిది: ఆయన స్మార్ట్ వాచీలో హెచ్‌ఆర్‌వీ చూపిస్తున్నాడు. మామూలుగా 60-70 మిల్లీసెకన్లు, దడ వచ్చిన రాత్రుల్లో 150 దాటింది. వేగస్ ఎక్కువైందనడానికి ఇది రుజువా?

హోల్టర్‌గది

కాదు. హెచ్‌ఆర్‌వీ అంటే సైనస్ బీట్ల మధ్య వ్యవధిలో తేడా. ఏఫిబ్‌లో ప్రతి వ్యవధీ వేరే కాబట్టి అంకె దానంతటదే ఎగిరిపోతుంది. ఎక్టోపిక్స్ ఎక్కువున్నా అంతే. ఆ 150 వేగస్‌ను కొలవలేదు, ఏఫిబ్‌నే కొలిచింది. దడకు ముందు గంటలో అంకె ఎంతుందో చూడండి, అది కొంత చెబుతుంది. వాచీలో ఈసీజీ ఉంటే దడ ఉండగానే 30 సెకన్లు తీసి పీడీఎఫ్ పంపమనండి. మోచెయ్యి బల్లమీద ఆనించి, వాచీ బిగుతుగా పెట్టుకుని తీయాలి, లేకపోతే చెయ్యి వణుకు ఎఫ్ తరంగాల్లా (ఏఫిబ్‌లో కనబడే సన్నని అలలు) పడుతుంది. లోతుగా ఊపిరి తీస్తున్నప్పుడు ఇలాంటి పరుగువాళ్లకు సైనస్సే బాగా హెచ్చుతగ్గులవుతుంది. వాచీ దాన్నీ 'క్రమం తప్పింది' అనొచ్చు. ప్రతి క్యూఆర్‌ఎస్ ముందు పి తరంగం (కర్ణికల గీత) ఉందేమో మీరే కళ్లతో చూడండి.